డాక్టరుగారు నయం చేసిన జాకెట్

పరబ్రహ్మంగారు బాల్కనీలో నీడపట్టున స్టూలు వేసుకుని, పసిపిల్లల తల దువ్వే మెత్తటి బ్రష్షుతో తన నల్ల లెదర్ జాకెట్ భుజాలు దులుపుతున్నారు. మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి, మళ్ళీ మెడ దగ్గర మొదలుపెట్టి కిందికి. రోజుకొక జాకెట్ వంతు. ఆ ఆదివారం వంతు నల్లదానిది.

"ఏమండీ, దానికి తల దువ్వడం అయిపోతే కాస్త ఇటొచ్చి ఈ కొబ్బరికాయ కొట్టిపెడతారా?" వంటింట్లోంచి కౌసల్యగారు కేకేశారు.

"మధ్యలో వదిలేస్తే దుమ్ము కుట్లలోకి పోయి కూర్చుంటుంది కౌసల్యా."

"కూర్చోనివ్వండి. ఏళ్ళ తరబడి హ్యాంగరుకి వేలాడుతోంది పాపం, దానికీ విశ్రాంతి కావాలి."

నేను మెట్లమీద కూర్చుని చెప్పులకు బకిల్ పెట్టుకుంటూ నవ్వు ఆపుకున్నాను. జూబ్లీ హిల్స్‌లో వాళ్ళింటి మేడమీది గదిలో నేను అద్దెకుంటున్నాను. గేటు దాటి ఎడమవైపు దిగితే ఫిల్మ్ నగర్, నేను పనిచేసే కాస్ట్యూమ్ ఆఫీసు. కుడివైపు ఖాళీ స్థలం, అందులో ఎవరూ పగలగొట్టలేకపోయిన ఏనుగంత బండ. ఈ కొండమీద ఇళ్ళు లేచినప్పుడు మిగతా బండలన్నీ పోయి అదొక్కటే మిగిలిందట.

పరబ్రహ్మంగారు చర్మవ్యాధుల డాక్టరు. సినిమావాళ్ళకి మేకప్ పడక దద్దుర్లు లేస్తే, లైట్ల వేడికి బుగ్గలు కమిలితే ఆయన దగ్గరికే వచ్చేవారట. క్లినిక్ మూసేశాక ఆయన చేతులకి పని లేకుండా పోయింది. జాకెట్లు కొనడం మొదలుపెట్టారు. మేక తోలుది, గొర్రె తోలుది, ఆవు తోలుది, ఎక్కడో విమానాలవాళ్ళు పాతబడిపోయిందని అమ్మేసినది, ఒక బీరువా నిండా ఉన్నాయి. ప్లాస్టిక్ కవరు తొడగరు, తోలుకి ఊపిరాడదంటారు. పల్చటి మల్లు గుడ్డతో సంచులు కుట్టించారు. ఎండ తగలనివ్వరు. భుజాలు వాలిపోకుండా వెడల్పాటి కర్ర హ్యాంగర్లు చేయించారు. జిప్పులకు కొవ్వొత్తి రుద్దుతారు. వానాకాలం వస్తే బూజు పట్టిందేమోనని చంకల్లోకి టార్చి వేసి చూస్తారు. కొత్త క్రీము ఏదైనా వస్తే ముందు లోపలి జేబు వెనకాల వేలిగోరంత రాసి, మర్నాడు భూతద్దంతో చూసి, "రియాక్షన్ ఏమీ లేదు" అంటారు. ఆ తర్వాతే మిగతా ఒంటికి.

జాకెట్లకి ఏసీ గదిలో బీరువా. కౌసల్యగారి పట్టుచీరలకి మంచం కింద ట్రంకు పెట్టె.

ఇన్ని ఉన్నా ఒక్కటి వేసుకుని ఆయన గేటు దాటరు. కారణం ఎదురింటి జానకిరామయ్యగారు. ఒకప్పుడు సినిమాలు తీసినాయన, ఇప్పుడు బాల్కనీలో కూర్చుని వీధి చూస్తుంటారు. ఎవరిమీదైనా ఆయన ఒక మాట వదిలితే అది పొద్దుగూకేలోగా ఫిల్మ్ నగర్ అంతా తిరిగొస్తుంది. డాక్టరుగారు మొదటి జాకెట్ కొన్న రోజున ముచ్చటపడి వేసుకుని గేటు దాకా వెళ్ళారట. ఎదురుగా బాల్కనీలోంచి, "డాక్టరుగారూ! విలన్ వేషమా, కామెడీ వేషమా? ముందే చెబితే డైలాగు రాయిస్తాం" అని అరిచారట ఆయన. డాక్టరుగారు అక్కణ్ణించే వెనక్కి తిరిగొచ్చేశారు. మళ్ళీ వేసుకోలేదు. ఈ సంగతి కౌసల్యగారు నాకు చాలాసార్లు చెప్పారు. చెప్పినప్పుడల్లా జానకిరామయ్యగారి గొంతు ఇంకొంచెం బాగా వచ్చేది.

ఆ ఆదివారం నా దగ్గరా ఒక జాకెట్ ఉంది. గోధుమరంగుది, మందపాటి గేదె తోలుది. అది నాది కాదు, మా సినిమా హీరోది.

మా సినిమాలో రాళ్ళ క్వారీలో ఒక ఫైటు ఉంది. సగం తీశారు, మిగతా సగం సోమవారం పొద్దున తీయాలి. హీరోకి అలాంటి జాకెట్లు రెండు కుట్టించాం. ఒకటి మంటల షాటులో కాలిపోయింది. మిగిలింది ఇదొక్కటే. శుక్రవారం షాటులో దీనికి ఎక్కడెక్కడ మట్టి అంటిందో, ఎక్కడ రక్తం మరక పడిందో, ఏ మణికట్టు దగ్గర కాలిందో, సోమవారం షాటులోనూ అచ్చం అలాగే ఉండాలి. లేకపోతే హీరో తన్నడానికి కాలెత్తినప్పుడు మురికిగా ఉండి, కాలు దించేసరికి శుభ్రమైపోతాడు. జనం హాల్లో ఈలలు వేస్తారు, కానీ హీరో కోసం కాదు. దాన్నే మా వాళ్ళు కంటిన్యుటీ అంటారు. ఆ జాకెట్‌ని అన్నివైపుల నుంచి ఫొటోలు తీసుకుని, తేడా రాకుండా చూడటం నా పని.

శనివారం సాయంత్రం మా ఆఫీసు కప్పు కారింది. కాస్ట్యూమ్ డిజైనర్ మంజులత మేడం జాకెట్ తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"పుష్పా, ఇది నీ దగ్గరే ఉంచు. దీనిమీద ఈగ వాలినా సరే, ఫొటోలో ఉన్న ఈగే వాలాలి. తేడా వచ్చిందనుకో, మీ వినుకొండ బస్సు టైము నేనే కనుక్కుని చెప్తాను."

ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. నాకంటే ముందున్న అమ్మాయి హీరో చొక్కా గుండీ ఒకటి పెట్టాల్సిన చోట పెట్టలేదని ఆ రోజే వెళ్ళిపోయింది. మా ఊళ్ళో బడి అయిపోయాక కుట్టుమిషను మీద లంగాలకు అంచులు కుట్టుకుంటున్న నాకు, ఎవరెవరి కాళ్ళావేళ్ళా పడితేనో దొరికిన ఉద్యోగం ఇది.

అందుకని జాకెట్‌ని తెల్ల దుప్పట్లో చుట్టి, నా గది ముందు వసారాలో మేకుకి తగిలించి, "ఆంటీ, పైన సినిమా బట్టలున్నాయి. చినుకు పడితే కాస్త లోపల పెట్టించండి" అని కౌసల్యగారికి చెప్పి మోతీనగర్ వైపు చర్చికి వెళ్ళాను. ప్రార్థన అయ్యాక నా స్నేహితురాలు ఫిలోమినా వాళ్ళింట్లో భోజనం.

ప్రార్థన జరుగుతుండగానే చినుకులు పడ్డాయి. నేను కంగారుపడలేదు. కౌసల్యగారు మాటిస్తే మాటే.

నేను తిరిగొచ్చేసరికి డాక్టరుగారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. ఆపరేషన్ గదిలోంచి బయటికొచ్చి చుట్టాలకి శుభవార్త చెప్పబోయే డాక్టరు ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన ముఖం.

"వచ్చావా పుష్పా! కళ్ళు మూసుకో."

"ఎందుకండీ?"

"మూసుకోవమ్మా!"

చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్ళారు. కళ్ళు తెరిచాను. భోజనాల బల్లమీద తెల్లగుడ్డ పరిచి ఉంది. గుడ్డమీద నా జాకెట్.

మెరుస్తోంది. మట్టి లేదు. రక్తం లేదు. కాలిన మణికట్టు కొత్తగా ఉంది. తిప్పి చూశాను. వీపుమీద క్వారీ రాళ్ళకి ఒరుసుకుపోయిన పొడవాటి గాయం ఉండాల్సిన చోట, చేత్తో తడిమితే కూడా ఏమీ తగల్లేదు.

"చినుకులు పడుతున్నాయని మీ ఆంటీ పైకి పంపింది," డాక్టరుగారు చెప్పుకుపోతున్నారు. "దుప్పటి విప్పకముందే వాసన వచ్చింది నాకు. విప్పి చూద్దును కదా, ప్రాణం పోతున్న స్థితిలో ఉంది. ఎవరు వాడారో గానీ మనుషులు కారు. రేపు నీ ఆఫీసులో దీన్ని ఇలా చూపిస్తే నిన్నే కదా తిడతారు? నువ్వు మాట పడకూడదని పొద్దుటి నుంచీ కూర్చున్నాను. బ్లీడింగ్ మరకలన్నీ తీసేశాను. మణికట్టు దగ్గర చచ్చిపోయిన తోలు గీకేసి రంగు కలిపాను. వీపుమీద పెద్ద గాయం. దానికి ఫిల్లర్ నింపి, ఆరబెట్టి, మళ్ళీ నింపి... మచ్చ కనబడుతోందా? చూడు. టార్చి వేసి చూడు!"

డ్రైవరు జంగయ్య గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఎట్లున్నది చెల్లె? నేను కూడ జర చెయ్యి పెట్టిన. కాలర్ మొత్తం నేనే రుద్దిన."

నేను నేలమీద కూర్చున్నాను.

"చూశావా, ఆనందంతో మాట రావడం లేదు," అన్నారు డాక్టరుగారు.

"డాక్టరుగారూ," అన్నాను. "ఇది రేపు పొద్దున షూటింగుకి వెళ్ళాలండి. మురికిగా."

ఆయనకి అర్థం కాలేదు. ఫోనులో ఫొటోలు చూపించి కంటిన్యుటీ సంగతి మొత్తం చెప్పాను. రెండో జాకెట్ కాలిపోయిందని చెప్పాను. మంజులత మేడం బస్సు టైము సంగతీ చెప్పాను. వింటున్నకొద్దీ ఆయన చేతిలో టార్చి మెల్లగా కిందికి వాలింది.

కౌసల్యగారు వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. కాదు.

"అయ్యో, నవ్వకూడదే... పుష్పా, ఏమీ అనుకోకు తల్లీ. ఈయన ఆ రోజుల్లో కూడా ఇంతే. ఒకాయన షూటింగు మధ్యలో గొంతు మంటని క్లినిక్‌కి పరిగెత్తుకొచ్చాడు. ముఖం నిండా కత్తి గాయాలు. ఈయన ఆ గొంతు చూడకుండా ముందు స్పిరిట్ దూదితో ముఖమంతా తుడిచేశారు. మేకప్‌మాన్ పొద్దుటి నుంచీ కూర్చుని వేసిన గాయాలు! ఆ మేకప్‌మాన్ మన హాల్లోకొచ్చి ఏడ్చాడు."

"గాయం కనబడితే తుడవకుండా ఉంటానా?" డాక్టరుగారు గొణిగారు.

"అదే చెప్తున్నా. మీకు గాయం కనబడితే చాలు, మనిషి కనబడడు."

అంతలో నా ఫోను మోగింది. మంజులత మేడం.

"పుష్పా, జాకెట్ ఎలా ఉంది?"

"బాగుంది మేడం."

"బాగుందంటే?"

నేను బల్లవైపు చూశాను. "చాలా బాగుంది మేడం."

"గుడ్. పొద్దున్నే వ్యాన్ పంపిస్తాను. క్వారీలో మొదటి షాటే వీపుమీద," అని పెట్టేశారు.

డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. "నేను మాట్లాడతాను ఆవిడతో. తప్పు నాదని చెప్తాను. ఇండస్ట్రీలో సగం మంది ముఖాలు నాకు తెలుసు."

"మీరు మాట్లాడితే అమ్మాయి ఉద్యోగం రేపటిదాకా కూడా ఆగదు," అన్నారు కౌసల్యగారు. "ఏముందండీ, మురికి చేస్తే సరి. మురికి చేయడం ఎంతసేపు?"

"ఎవరు చేస్తారు?" డాక్టరుగారు జాకెట్ మీద చెయ్యి అడ్డం పెట్టారు. "నా చేత్తో తోలుకి హాని చెయ్యలేను కౌసల్యా. ఇప్పుడే కోలుకుంది."

"మిమ్మల్నెవరు చెయ్యమన్నారు? నేను చేస్తాను." కౌసల్యగారు కొంగు బొడ్లో దోపుకున్నారు. "నాకు ఎన్నాళ్ళనుంచో కోరిక."

జాకెట్ భోజనాల బల్లమీంచి వంటింటి గట్టుమీదికి మారింది. నా ఫోనుని ఆవకాయ జాడీకి ఆనించి ఫొటోలు ఒక్కొక్కటే చూపిస్తూ నిలబడ్డాను. మా ఆఫీసులో దుమ్ము కోసం వాడేది ముల్తానీ మట్టేనని చెప్పగానే కౌసల్యగారు అలమరలోంచి ఒక డబ్బా తీశారు.

"నా ముఖానికి రాసుకోమని ఈయనే రాసిచ్చారు. రాసుకుంటే వయసు వెనక్కి పోతుందన్నారు. చూద్దాం, దీనికి ముందుకి పోతుందేమో."

గుప్పెడు తీసి ఎడమ భుజం మీద చల్లారు. డాక్టరుగారు కళ్ళు మూసుకున్నారు.

"ప్యాచ్ టెస్ట్ అయినా చెయ్యవే!"

"చేశానుగా. భుజమంతా ప్యాచే."

రక్తానికి బెల్లం పాకం పట్టి, కుంకుమ కలిపారు. మరీ ఎర్రగా వచ్చింది. ఫొటోలో ఎండిపోయిన రక్తం. కాఫీ డికాక్షన్ పోస్తే సరిపోతుందన్నాను. పోశారు. రంగు దిగింది. గరిటతో జాకెట్ ఛాతీ మీద పోస్తుంటే జంగయ్య, "అమ్మా, ఇంక కొంచెం పొయ్యుండ్రి, గట్టిగ కొట్టిండు విలన్ గాడు" అని హుషారిస్తున్నాడు.

"బెల్లం! తోలుమీద బెల్లం!" డాక్టరుగారు హాల్లోంచి అరిచారు. "చీమలు పడతాయి!"

"ఫొటోలో చీమ ఉందేమో చూడు పుష్పా," అన్నారు కౌసల్యగారు.

లేదన్నాను.

"అయితే పడితే దులిపేద్దాం."

మణికట్టు కాల్చడానికి అగరొత్తి వెలిగించారు. ఆ వాసన తగిలేసరికి డాక్టరుగారు ఇక హాల్లో ఉండలేకపోయారు. వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కాసేపు చూశారు.

"అలా కాదు," అన్నారు, తనకి తెలియకుండానే. "చుట్టూ ఒకేలా కాలిస్తే ఎలా? కుట్టు దగ్గర తోలు రెండు పొరలుంటుంది, అక్కడ ఆలస్యంగా కాలుతుంది. అక్కడ వదిలెయ్. మట్టి కూడా... మెడ దగ్గర చెమట పడుతుంది, అక్కడ మట్టి అంటుకుని గడ్డ కడుతుంది. వీపుమీద రాలిపోతుంది. వేలు తడిచేసి అద్దు. అబ్బ, ఇలా ఇవ్వు."

కౌసల్యగారు అగరొత్తి ఆయన చేతికిచ్చి నావైపు చూసి ఒక కన్ను మూశారు. నేను ఫోను చూస్తున్నట్టు నటించాను.

తోలుని ఎలా కాపాడాలో తెలిసిన మనిషికి తోలు ఎలా పాడవుతుందో కూడా తెలుసు. ఎక్కడ ముడత పడుతుందో, ఎక్కడ రంగు ముందు పోతుందో ఆయన ఒక్కొక్కటీ చెప్తుంటే, మేం ముగ్గురం ఆయా చోట్ల పాడుచేసుకుంటూ వెళ్ళాం. పాపం, ప్రతి మచ్చకీ ముందు "సారీ" అనేవారు. అన్నది మాకు కాదు.

కిందికి దిగుతున్న ఎండ కిటికీలోంచి గట్టుమీద పడే వేళకి ముందువైపు పూర్తయింది. ఫొటో పక్కన పెట్టి చూస్తే నాకే తేడా తెలియలేదు. మిగిలింది వీపు.

కౌసల్యగారు స్నానాల గదిలోంచి పాదాలు రుద్దుకునే రాయి తెచ్చి రుద్దారు. జంగయ్య కారు డిక్కీలోంచి ఉప్పుకాగితం తెచ్చి రుద్దాడు. రంగు పోయింది, తోలు లేచింది. కానీ అది గాయంలా లేదు. ఎవరో అంట్లు తోమినట్టుంది.

"సార్, నాకు ఇడిసిపెట్టుండ్రి," అన్నాడు జంగయ్య. "జాకెట్ కారు టైరు కింద పెట్టి, గేరు ఏసి జర ముందుకి, జర ఎనక్కి. ఖతం."

"టైరు గుర్తు పడుతుంది జంగయ్యా. విలన్ లారీతో రాలేదు, రాళ్ళమీద ఈడ్చాడు," అన్నాను.

"గదొక్కటి తక్కువైంది గానికి."

డాక్టరుగారు భూతద్దం తెచ్చి ఫోనులో ఫొటోని చాలాసేపు చూశారు. తర్వాత మేం రుద్దింది చూశారు.

"ఇది గాయం కాదు, గోకుడు," అన్నారు. "అసలు దానిలో చూడు. రెక్క ఎముక దగ్గర లోతుగా తెగింది. వెన్ను గుంట దగ్గర అసలు తగల్లేదు. నడుము దగ్గర మళ్ళీ తేలిగ్గా. లోపల మనిషి ఉన్నాడు, వాడి బరువు ఉంది. ఖాళీ జాకెట్ మీద ఎన్నాళ్ళు రుద్దినా ఇది రాదు."

ఆయన చెప్పింది నిజమే. ఫొటోలో గీతలన్నీ వంకరగా, ఒకదాన్నొకటి తప్పించుకుంటూ పోతున్నాయి. అలాంటి గీతలు నేను ఎక్కడ చూశానో అప్పుడు గుర్తొచ్చింది.

"మా ఊళ్ళో గేదె బండకి వీపు రుద్దుకుంటే దాని ఒంటిమీద ఇలాగే పడతాయండి," అన్నాను. "నిలబడే రుద్దుకుంటుంది. మోకాళ్ళు కొంచెం వంచి, బరువంతా బండమీద వేసి, మెల్లగా కిందికి, పక్కకి."

"ఇది గేదె తోలే కదా?" అన్నారు కౌసల్యగారు.

"గేదె తోలేనండి."

"మరింకేం, బండ కూడా పక్కనే ఉంది. గేదె ఒక్కటే కావాలి."

అందరం జంగయ్యవైపు చూశాం. జంగయ్య వెంటనే జాకెట్‌లో చెయ్యి దూర్చాడు. మోచెయ్యి దాకా వెళ్ళి ఆగిపోయింది. మళ్ళీ బయటికి లాగడానికి నేను, కౌసల్యగారు చెరోవైపు పట్టుకోవాల్సి వచ్చింది.

"నేను హీరోని కాదని దీనికి ఎర్కైంది," అన్నాడు చెయ్యి రుద్దుకుంటూ.

నేను వేసుకున్నాను. భుజాలు మోచేతుల దాకా జారాయి. నా ఒళ్ళు లోపల ఎక్కడుందో బండకి కూడా తెలియదు.

మా హీరో భుజాల కొలత నాకు నోటికి వచ్చు. సన్నగా, పొడవుగా ఉంటాడు. గుమ్మంలో నిలబడిన డాక్టరుగారి భుజాలవైపు చూశాను. చూసి తల దించుకున్నాను. అప్పటికే కౌసల్యగారు కూడా అటే చూస్తున్నారు.

"నావైపు చూడకండి," అన్నారు డాక్టరుగారు.

"మీకు అతికినట్టు సరిపోతుంది. రోజూ అద్దం ముందు వేసుకుంటూనే ఉంటారుగా."

"నీకెవరు చెప్పారు?"

"జిప్పు చప్పుడు వినబడదా?"

"జిప్పులకి కొవ్వొత్తి రాశాను. చప్పుడు రాదు."

"అందుకే అనుమానం వచ్చింది. చప్పుడు రాకుండా వేసుకోవాల్సిన అవసరం ఎవరికుంటుంది?"

డాక్టరుగారు కిటికీ దగ్గరికి వెళ్ళి తెర కొంచెం పక్కకి తీశారు. ఎదురింటి బాల్కనీలో జానకిరామయ్యగారు సాయంత్రం టీ కప్పుతో హాజరై ఉన్నారు. బండ సరిగ్గా ఆయన ముందే ఉంది. మధ్యలో చెట్టు కూడా లేదు.

"కూర్చున్నాడు," అన్నారు డాక్టరుగారు.

"సార్, గాయన లోపలికి పోయిందాక ఆగుదాం," అన్నాడు జంగయ్య.

"ఆయన వెలుతురుండగా లోపలికి పోడు. వెలుతురు పోయాక వీపుమీద పడే గీత మనకి కనబడదు." తెర వదిలేశారు. "పెద్దవాణ్ణయ్యా నేను. ఈ కొండమీద అందరికీ ముఖం చూపించి బతికినవాణ్ణి. ఇప్పుడు లెదర్ జాకెట్ వేసుకుని, అతని ముందు, గేదెలాగా..."

నాకు జాలేసింది. ఆయన చేసిందంతా నేను తిట్లు తినకూడదని చేసిందే. వయసులో అంత పెద్దాయన్ని ఎదురింటి వాళ్ళ ముందు నవ్వులపాలు చేసి నిలబెట్టుకునే ఉద్యోగం ఎన్నాళ్ళు చేస్తాను?

"వద్దులెండి డాక్టరుగారూ. పొద్దున మేడంకి నేనే చెప్పుకుంటాను. ఆవిడ పొమ్మంటే పోతాను. మిషను ఇంకా మా ఇంట్లోనే ఉంది," అన్నాను.

ముందువైపు మట్టి రాలకుండా జాకెట్‌ని గట్టుమీద పరిచిన దుప్పటిమీద పెట్టి, చేతులు లోపలికి తోసి, మధ్యకి మడిచాను. కౌసల్యగారు పాదాల రాయి కడిగి ఒక పక్కన పెట్టారు. జంగయ్య ఉప్పుకాగితం ముక్కలు ఏరుకుంటున్నాడు.

"మడతపెట్టకు," అన్నారు డాక్టరుగారు.

నేను ఆగాను.

"తోలు జాకెట్‌ని మడతపెట్టకూడదు. మడతమీద పగులుతుంది. ఎన్నిసార్లు చెప్పాను?"

దుప్పటి నా చేతుల్లోంచి లాక్కున్నారు. మడత విప్పారు. వీపుమీద మేం తోమిన చోట బొటనవేలితో ఒకసారి నిమిరి, పెదవి విరిచారు. తర్వాత ఒక చెయ్యి దూర్చారు, రెండో చెయ్యి దూర్చారు. మట్టి కొంచెం రాలింది. భుజాలు ఒకసారి కదిపితే జాకెట్ ఆయన ఒంటిమీద సర్దుకుని కూర్చుంది. మా హీరోకి కూడా అంత బాగా కూర్చోలేదు. జిప్పు పైకి లాగారు. దీని జిప్పుకి కూడా కొవ్వొత్తి రాసినట్టున్నారు, చప్పుడు రాలేదు.

కౌసల్యగారు ముందుకొచ్చి ఆయన కాలరు నిలబెట్టారు.

డాక్టరుగారు గట్టుమీంచి నా ఫోను తీసి, వీపు ఫొటోని ఇంకోసారి చూసి, నాకిచ్చేశారు. చెప్పులు వేసుకున్నారు. మావైపు చూడకుండా మెట్లు దిగారు. గేటు గడియ తీసిన చప్పుడు వినబడింది.

ఎడమవైపు కారు ఉంది. ఆయన కుడివైపు, బండవైపు తిరిగారు.